సీలు విప్పని డైల పెట్టె

లూకన్‌లో యుగంధర్ ఇంట్లో గొడవలన్నీ హాట్ ప్రెస్ దగ్గరే మొదలయ్యేవి. హాట్ ప్రెస్ అంటే ఐర్లండ్ ఇళ్ళలో వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర. బయట ఏడాది పొడవునా ముసురు పట్టినా దాని లోపల మాత్రం వెచ్చగా, పొడిగా ఉంటుంది. ఆ దేశం వాళ్ళు అందులో తువ్వాళ్ళు పెట్టుకుంటారు. మనవాళ్ళు ఇడ్లీపిండి పులియబెట్టుకుంటారు, పాలు తోడేసుకుంటారు. యుగంధర్ మాత్రం అందులో డైలు పెట్టుకున్నాడు. అందుకని అతని భార్య ఉజ్వల తువ్వాళ్ళు మెట్ల కింద, పిండి గిన్నె రేడియేటర్ పక్కన తలదాచుకుంటున్నాయి.

డై అంటే ఏమిటో ఆ ఇంటికి కాఫీకి వచ్చిన ప్రతివాడికీ తెలుసు. అడగకపోయినా చెప్పేవాడు. తూటా పేలాక గుండు దాని దారిన అది పోతుంది, ఇత్తడి తొడుగు మిగులుతుంది. ఆ తొడుగును పారేయకుండా మళ్ళీ నింపుకుని వాడేవాళ్ళు ఉన్నారు. పేలినప్పుడు ఉబ్బిపోయిన తొడుగును పాత కొలతకు నొక్కడానికి ఒక ఉక్కు అచ్చు కావాలి, కొత్త గుండును దాని మూతిలో తిన్నగా కూర్చోబెట్టడానికి ఇంకో అచ్చు కావాలి. బొటనవేలంత లావున, ఒంటినిండా మరలతో ఉండే ఆ అచ్చులే డైలు. ఒక్కో రకం తుపాకీకి ఒక్కో జత. వాటిని చేసిన చిన్నచిన్న కంపెనీలు చాలా వరకు ఎప్పుడో మూతపడ్డాయి. మూతపడ్డ కంపెనీ డైలంటేనే మన యుగంధర్‌కు ప్రాణం. ఇంకా బతికున్న కంపెనీ సరుకును తెచ్చి ఒళ్ళో పెట్టినా అటు చూడడు.

ఇందులో ఒక చిన్న లోటుంది. యుగంధర్ పుట్టి బుద్ధెరిగాక తుపాకీ పట్టుకోలేదు. చిన్నప్పుడు హనుమకొండలో దీపావళికి కేపులు పేల్చిన బొమ్మ తుపాకీ కూడా పక్కింటివాళ్ళదే. చెర్రీవుడ్‌లోని ఒక ఆఫీసులో, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. ఆ పని ఇంట్లో చేయబోతే ఉజ్వల ఊరుకోదు గనక, మిగిలిన తెలివినంతా ఉక్కు అచ్చుల మీద పెట్టాడు. ఇంటర్నెట్లో ఇలాంటి పాత సరుకు పోగుచేసేవాళ్ళ ఫోరం ఒకటుంది. అక్కడ అతని మాటకు మహా విలువ. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్న గడ్డాల పెద్దమనుషులు ఇతన్ని రిటైరైన సైనికుడనుకుంటున్నారు. ఇతనూ వాళ్ళ నమ్మకాన్ని చెడగొట్టలేదు.

పైగా ఈ పిచ్చి అంటించింది ఉజ్వలే. ఒక ఆదివారం, కారు డిక్కీల్లో పాత సామాను పెట్టి అమ్మే కార్ బూట్ సేల్‌లో చెక్కపెట్టె నిండా మరలున్న ఉక్కు గొట్టాలు చూసి, "మురుకుల గొట్టంల వేసే బిళ్ళలు లెక్కున్నయి, తీస్కుందాం" అని తానే కొనిపించింది. ఇంటికొచ్చి పిండి పెట్టి ఎంత నొక్కినా ఒక్క మురుకూ రాలేదు. ఇవేమిటా అని యుగంధర్ ఇంటర్నెట్ తెరిచాడు. ఆ తెరిచినవాడు మళ్ళీ మూయలేదు.

అతని దగ్గరున్న వాటిలో మహారాజు థ్రాప్‌స్టన్ అండ్ వేల్ వాళ్ళ జత. ఆ కంపెనీ రెండో ప్రపంచయుద్ధం అయిన కొన్నేళ్ళకే బర్మింగ్‌హామ్‌లో తలుపులు మూసుకుంది. ఎవరూ తయారుచేయని ఒక పాత రకం తూటాకు పనికొచ్చే డైలు. వాటి గొప్పతనం అది కూడా కాదు. పెట్టె మీద లక్క సీలు చెక్కుచెదరలేదు. లోపల గ్రీజు కాగితం కంపెనీవాడు చుట్టింది చుట్టినట్టే ఉంది. పెట్టె గోడకు బిగించిన చిన్న అద్దంలోంచి మాత్రమే, ఆ చుట్టతో సహా, వాటిని దర్శించుకోవాలి. ఒక్కసారి కూడా వాడనిది, ఒక్క చెయ్యి కూడా పడనిది ప్రపంచంలో తన దగ్గరే ఉందని యుగంధర్ ఫోరంలో ప్రకటించాడు. లేదన్నవాడు లేడు. అంతకన్నా సుఖం ఇంకేముంటుంది?

ఇంతలో కరోనా వచ్చింది. ఆఫీసు పడకగదిలోకి వచ్చింది. పదో తరగతి వయసు కూతురు సహస్ర బడి వంటింట్లోకి వచ్చింది. ఇంటికి రెండు కిలోమీటర్ల లోపలే నడవాలని ప్రభుత్వం గీత గీసింది. జన్మలో ఎప్పుడూ నడవని యుగంధర్ ఆ గీత చుట్టూ రోజూ ప్రదక్షిణాలు మొదలుపెట్టాడు. అలా తిరుగుతూ ఒకనాడు, పక్క హౌసింగ్ ఎస్టేట్ చివరింట్లో గరాజు తలుపు తెరిచి ఉండటం చూశాడు. లోపల బల్లకు బిగించిన, డైలు తగిలించి తొడుగులు నింపే పాత రీలోడింగ్ యంత్రం. దాని పిడికి నూనె రాస్తూ ఒక ముసలాయన.

డెబ్బై దాటినవాళ్ళను ఇల్లు కదలొద్దన్న రోజులవి. ఆ పెద్దాయన పేరు మార్టిన్ కెవనా. ఊళ్ళో మందుల షాపు నడిపి రిటైరయ్యాడు. గేటుకు ఇవతల యుగంధర్, అవతల ఆయన. మధ్య దూరం రెండు మీటర్లకు తగ్గకుండా చూసుకుంటూ మాటలు కలిశాయి. ఆ యంత్రం ఏ కాలందో, ఎవరు చేశారో, ఎప్పుడు మూతపడ్డారో యుగంధర్ గడగడా చెప్పేశాడు. ముసలాయన ముచ్చటపడ్డాడు.

"మీరు ఎక్కడ షూట్ చేస్తారు?" అన్నాడు.

"నేను షూట్ చేయను. కలెక్టర్‌ని," అన్నాడు యుగంధర్. మన దగ్గరైతే ఆ మాట అనడానికి జీపూ బంట్రోతూ ఉండాలి. ఇక్కడ పాత ఇనుము ఉంటే చాలు.

ఆ రోజు అక్కడితో ఆగితే ఈ కథ లేదు. రోజూ పొద్దున గేటు దగ్గర ఆగడం అలవాటైంది. ఒకరోజు కెవనా తన అన్న డెస్ గురించి చెప్పాడు. ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. ఆ ఇంట్లోనే కలిసి బతికారు. డెస్ దగ్గర తండ్రి నాటి రైఫిల్ ఒకటుంది. దాని తూటాలు దుకాణాల్లో దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. అందుకని అన్నదమ్ములు ఉన్న తొడుగులనే షూటింగ్ క్లబ్బులో, అనుమతి ఉన్న గదిలో నింపుకునేవాళ్ళు. ప్రతి అక్టోబర్లో డెస్ పుట్టినరోజు వారంలో ఇద్దరూ క్లబ్బుకు వెళ్ళి ఆ రైఫిల్‌తో గురిచూసి కాల్చి, టీ తాగి వచ్చేవాళ్ళు. వాళ్ళకు అదే పండుగ.

"డెస్ పోయినేడు కేర్ హోమ్‌కి వెళ్ళాడు," అన్నాడు కెవనా. "ఈ ఏప్రిల్‌లో పోయాడు. అంత్యక్రియలకు పదిమందికే అనుమతి. నా వయసు వల్ల నేను ఆ పదిమందిలో లేను. వంటింట్లో కూర్చుని వెబ్‌క్యామ్‌లో చూశాను. మధ్యలో బొమ్మ ఆగిపోయింది."

యుగంధర్‌కు నిజంగానే జాలేసింది.

"ఈ అక్టోబర్లో ఒక్కసారి వాడి రైఫిల్ కాలుద్దామనుకున్నాను. వాడికి నేను చేయగలిగింది అదొక్కటే. కానీ గుండు కూర్చోబెట్టే డై పగిలింది. ఇంకోటి దొరకదు. థ్రాప్‌స్టన్ అండ్ వేల్ వాళ్ళది."

అప్పుడు యుగంధర్ నోరు అతన్ని అడక్కుండానే తెరుచుకుంది. "నా దగ్గరుంది. సీలు కూడా విప్పనిది. ప్రపంచంలో ఒకే ఒక్కటి."

ముసలాయన ముఖం వెలిగిపోయింది. "ఒక్కరోజుకు ఇస్తావా?"

"తప్పకుండా," అన్నాడు యుగంధర్.

ఇంటికి నడిచి వచ్చేలోపలే అతనికి జ్వరం వచ్చినంత పనైంది. ఇస్తే సీలు విప్పాలి. కాగితం విప్పాలి. విప్పి వాడితే అది వాడిన డై అవుతుంది. వాడిన డైలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. గడ్డాల పెద్దమనుషులకు ఏమని చెప్పాలి? చచ్చిపోయిన ఒక ఐరిష్ ముసలాయన కోసం చరిత్రను పాడుచేశానని చెప్పాలా?

"ఇస్తనన్నవా? మంచి పని చేసినవ్," అంది ఉజ్వల అంతా విని. "అన్నను కడసారి చూసుకోలేకపాయె పాపం. అది ఆయనకు దినం చేసినట్టే గదా."

"ఇస్త. ఇయ్యనన్ననా?" అన్నాడు యుగంధర్.

ఇవ్వనని అతను ఏనాడూ అనలేదు. ఆ విషయంలో అతని మీద వేలెత్తి చూపడానికి లేదు. మొదట ఉక్కు మీద వైరస్ కొన్నాళ్ళు బతుకుతుందన్నాడు. పెద్దవయసు కదా, మీ మంచికేనన్నాడు. మందుల షాపు నడిపినాయన, శానిటైజర్‌తో తుడుస్తానన్నాడు. శానిటైజర్ పాత ఉక్కుకు విషమన్నాడు యుగంధర్. ఆ సాకు అరిగిపోయాక, ఇరవయ్యేళ్ళుగా గుర్తురాని ఆచారాలన్నీ అతనికి గుర్తురావడం మొదలైంది. శనివారం ఇనుము చేతులు మారకూడదన్నాడు. "గ్రాండ్, ఆదివారం రా" అన్నాడు కెవనా. ఆదివారం అమావాస్య అన్నాడు. తర్వాత పితృపక్షాలన్నాడు. ఆ తర్వాత దేవుడే కరుణించి ఆ ఏడు అధిక మాసం కూడా ఇచ్చాడు. నెల పొడవునా మాలో కొత్త పని మొదలుపెట్టరని యుగంధర్ ముఖం గంభీరంగా పెట్టి చెప్పాడు. పంచాంగం ఇంత పనికొచ్చే వస్తువని అతనికి అంతకుముందు తెలియదు.

కెవనా మాత్రం ప్రతిసారీ బుద్ధిగా తలూపేవాడు. ఇతరుల నమ్మకాలంటే ఆయనకు గౌరవం. ఆ గౌరవం చూస్తే యుగంధర్‌కు తప్పుచేసినట్టుండేది. ఇంటికొచ్చి హాట్ ప్రెస్ తెరిచి, అద్దంలోంచి చూసుకుంటే తగ్గిపోయేది.

అక్టోబర్ మూడో వారంలో ప్రభుత్వం మళ్ళీ అన్నీ మూసేస్తామని ప్రకటించింది. క్లబ్బు బుధవారం సాయంత్రం దాకానే తెరిచి ఉంటుంది. ఆ ప్రకటన వచ్చిన కాసేపటికే కెవనా ఫోన్ చేశాడు. ఆయన గొంతులో అంత తొందర యుగంధర్ ఎప్పుడూ వినలేదు.

"రేపు ఇవ్వగలవా? క్లబ్బులో నా కోసం గది తెరుస్తామన్నారు. ఈ బుధవారం తప్పితే నాకు ఇక కుదరదు. చలికాలం ఒంటరిగా ఉండొద్దని మేనకోడలు పట్టుబడుతోంది. ఎన్నిస్‌లో వాళ్ళింటికి వెళ్ళిపోతున్నాను. అక్కడ రైఫిల్ పెట్టుకునే వీలు లేదు. పోలీసులకు అప్పగించేయాలి."

ఇక అధిక మాసం లేదు. అమావాస్య లేదు. రేపు మంగళవారమని అందామనుకున్నాడు గానీ ఎల్లుండి బుధవారం ఉండనే ఉంది. వైరస్ ఉక్కు మీద కాక మనుషుల మీదే ఎక్కువ బతుకుతుందని ఈలోగా లోకానికంతా తెలిసిపోయింది. ఆ మాటే అతనికి దారి చూపించింది.

"మిస్టర్ కెవనా," అని రెండుసార్లు దగ్గాడు. "నేను కొవిడ్ వచ్చినవాడికి క్లోజ్ కాంటాక్ట్‌ని. నిన్నటి నుంచి దగ్గు. టెస్టుకు చెప్పారు. ఇంట్లోంచి ఏదీ బయటికి ఇవ్వకూడదు."

"నువ్వు జాగ్రత్త. డై సంగతి మరిచిపో," అన్నాడు కెవనా.

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే గుమ్మంలో సహస్ర నిలబడి ఉంది. ఆ పిల్లకు తెలుగు మొత్తం అర్థమవుతుంది. సమాధానం మాత్రం లూకన్ యాసలో ఇంగ్లీషులోనే వస్తుంది.

"ఆర్ యూ ఫేకింగ్ కొవిడ్, డాడీ?"

"పోయి చదువుకో," అన్నాడు యుగంధర్.

"దట్స్ డెస్పరేట్, లైక్," అని ఆ పిల్ల వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున గేటుకు ఒక సంచీ తగిలించి ఉంది. అందులో గొంతు బిళ్ళలు, జ్వరం మాత్రలు, వేలికి తగిలించి ఆక్సిజన్ చూసుకునే మిషను, ఇంకా వేడి చల్లారని బ్రౌన్ బ్రెడ్. ఉజ్వల ఆ సంచీ తెచ్చి బల్ల మీద పెట్టి భర్త ముఖంలోకి చూసింది.

"ఎవరికి బాగలేదు మనింట్ల?"

చెప్పక తప్పలేదు. ఉజ్వల అరవలేదు. అరిస్తే బాగుండునని యుగంధర్ అనుకున్నాడు.

"ఇనుపముక్క కోసం రోగం తెచ్చుకున్నవా నువ్వు?" అంది నెమ్మదిగా. "లేని రోగం?"

బుధవారం గడిచింది. క్లబ్బు మూసేశారు. దగ్గువచ్చిన మనిషి గనక యుగంధర్ పొద్దుటి నడక మానేశాడు. కిటికీ తెర పక్కకు జరపాలన్నా భయమే. అబద్ధం ఆడితే ఇంత ఖచ్చితంగా క్వారంటైన్ పాటించాల్సి వస్తుందని ఎవరూ అతనికి చెప్పలేదు. బ్రౌన్ బ్రెడ్ సహస్ర తినేసింది. బాగుందంది.

ఆ ఆదివారమే దసరా వచ్చింది. గుళ్ళు లేవు, గుంపులు లేవు. పంతులుగారు జూమ్‌లో పూజ చేయిస్తానన్నారు. ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, అమ్మవారి ముందు వరుసగా పెట్టుకోమన్నారు. కొబ్బరికాయ మరిచిపోయామని యుగంధర్‌ను ఇండియన్ షాపుకు తోలింది ఉజ్వల. కెవనా ఇంటి మీదుగా వెళ్తే ఐదు నిమిషాల దారి. అతను ఊరంతా చుట్టి వెళ్ళాడు. షాపు ముందు మాస్కుల వరుస ఎస్టేట్ గేటు దాకా ఉంది. తిరిగి వచ్చేసరికి పూజ అయిపోవచ్చింది.

ముందుగదిలో తెల్లటి దుప్పటి పరిచి ఉంది. దాని మీద కుక్కరు, మిక్సీ, రెండు ల్యాప్‌టాపులు, సహస్ర హాకీ కర్ర. వాటి ముందు వరుసలో, అతని డైలు. అన్నీ. హాట్ ప్రెస్ మొత్తం దిగివచ్చి కూర్చుంది. ఒక్కోదాని మెడ చుట్టూ తడి పసుపు, దాని మీద కుంకుమ బొట్టు, నెత్తిన ఒక చేమంతి రేకు. నట్టనడుమ థ్రాప్‌స్టన్ అండ్ వేల్. సీలు లేదు. గ్రీజు కాగితం లేదు. కొత్త పెళ్ళికొడుకుల్లా ఇద్దరూ పచ్చగా మెరుస్తున్నారు.

యుగంధర్ చేతిలోని కొబ్బరికాయ దానంతట అదే కింద పడింది. పగల్లేదు.

"ఏందిది?" అన్నాడు.

"ఆయుధాలన్నీ పెట్టుమన్నడు గదా పంతులు," అంది ఉజ్వల. "లూకన్ మొత్తంల మనింట్ల ఉన్నన్ని ఆయుధాలు ఎవరింట్ల ఉన్నయి? అన్నిటికీ ఒకటే జిడ్డు. వేడినీళ్ళల్ల సబ్బేసి మంచిగ రుద్దిన. చేతులు నొచ్చినయి."

"సబ్బేసి?"

"కోపానికి చెయ్యలేదయ్యా." ఆమె గొంతు మారింది. "మార్చి నుంచి ఇంట్లనే కూసుంటివి. మీ ఆఫీసుల మనుషులను తీసేస్తున్నరని రాత్రిళ్ళు పండుకుంటలేవు. అబద్ధం ఆడినంక అన్నం కూడ తింటలేవు. నువ్వు మొక్కేటియి గవే గదా. నీకేమన్న మంచి జరుగుతదేమోనని పెట్టిన."

తిట్టడానికి తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. ఇంత ప్రేమగా తనకింత అన్యాయం చేసినవాళ్ళు అతని జీవితంలో ఇంకెవరూ లేరు. గబగబా జేబురుమాలు తీసి థ్రాప్‌స్టన్ మీదికి వంగాడు. సరిగ్గా అప్పుడే ల్యాప్‌టాప్‌లోంచి పంతులుగారి గొంతు వినిపించింది.

"ఉద్వాసన రేపు ఉదయమేనండీ. అప్పటిదాకా పూజలో పెట్టిన పనిముట్టును కదపరాదు, ముట్టుకోరాదు. వాటికీ ఒకరోజు విశ్రాంతి. కాదని ముట్టుకుంటే ఏడాదంతా ఆ వృత్తికి చేటు."

యుగంధర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. థ్రాప్‌స్టన్ పక్కనే ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా బొట్టు పెట్టుకుని కూర్చుంది. ఆ వారమే ఇంకో తీసివేతల జాబితా వస్తుందని చెర్రీవుడ్‌లో గుసగుసలు. కెవనాకు నెలల తరబడి ఆచారాలు వడ్డించిన మనిషికి ఇప్పుడు ఆచారమే ఎదురుగా వచ్చి కూర్చుంది.

"జస్ట్ వైప్ ఇట్, డాడీ," అంది సహస్ర.

"ముట్టుకోవద్దంట," అన్నాడు యుగంధర్.

ఆ రోజంతా అతను సోఫాలో కూర్చుని ఉక్కును చూశాడు. గ్రీజు పోయిన పాత ఉక్కు, దాని మీద తడి పసుపు, బయట ముసురు, ఉజ్వల గాలి కోసం తీసిపెట్టిన కిటికీ. మధ్యాహ్నానికి మరల సందుల్లో ఎరుపు కనిపించింది. కుంకుమేమో అనుకున్నాడు. సాయంత్రానికి కుంకుమ కాదని తేలిపోయింది. పులిహోర తిన్నాడు గానీ రుచి తెలియలేదు.

మర్నాడు ఉద్వాసన చెప్పాక థ్రాప్‌స్టన్ డైలను గుడ్డతో తుడిచాడు. పసుపు కొంత పోయింది, తుప్పు మచ్చలు పోలేదు. మెడ చుట్టూ గోధుమరంగు పట్టీ పడింది. ప్రపంచంలో ఒకే ఒక్కటి ఇక లేదు. ఏడుపు వస్తుందనుకున్నాడు. రాలేదు. దాని బదులు చిత్రంగా, బరువు దిగినట్టనిపించింది. ఇప్పుడు దీన్ని ఎవరికి ఇచ్చినా పోయేదేమీ లేదు. ఎంత సేపటికి తనకు మంచితనం వచ్చిందో చూసుకుని అతనికే సిగ్గేసింది.

"యాడికి?" అంది ఉజ్వల, అతను చెప్పులు తొడుక్కుంటుంటే.

"కెవనా అంకుల్‌కు ఇచ్చొస్త."

"గిప్పుడా? క్లబ్బు బంద్ అయింది గదా."

"మళ్ళ తెరుస్తరు గదా. అప్పటిదాక ఆయన దగ్గర్నే ఉండనీ. రైఫిల్ ఇంకొన్నాళ్ళు ఉంచుకొమ్మని చెప్త."

నిజంగానే చెప్పాలనుకున్నాడు. దారంతా ఇంగ్లీషులో మాటలు పేర్చుకున్నాడు. జబ్బు అబద్ధమని కూడా చెప్పేయాలనుకున్నాడు. మొదట అదే చెప్పాలి, తర్వాత డై చేతిలో పెట్టాలి, ఆ తర్వాత ఆయన తిడితే పడాలి. అది తలుచుకుంటే మనసు తేలికైంది కూడా.

కెవనా ఇంటి ముందు ఎన్నిస్ నుంచి వచ్చిన కారు నిలబడి ఉంది. మేనకోడలు సామాను సర్దుతోంది. గరాజు తలుపు తెరిచే ఉంది గానీ బల్ల ఖాళీ. యంత్రం బిగించిన చోట నాలుగు కన్నాలు మిగిలాయి. ముసలాయన మాస్కుతో గేటు దాకా వచ్చి, ఎప్పటిలాగే రెండు మీటర్ల దూరంలో ఆగాడు.

యుగంధర్ పెట్టెను గేటు స్తంభం మీద పెట్టి వెనక్కి జరిగాడు. కెవనా మూత తీసి చూశాడు.

"ఈ పచ్చరంగేమిటి?"

"పసుపు. ఏడాదికోసారి మేము పనిముట్లకు పూజ చేస్తాం."

"మంచి పద్ధతి," అన్నాడు కెవనా. డైని బయటికి తీసి, గుండు దూరే కన్నంలోకి వెలుతురు పెట్టి చూశాడు. "లోపల దెబ్బతినలేదు. తుప్పు పైపైనే. పనిచేసేది." మళ్ళీ జాగ్రత్తగా పెట్టెలో పెట్టాడు. "రైఫిల్ శుక్రవారం పోలీసులు తీసుకెళ్ళారు. దాన్ని ముక్కలు చేసేస్తారట. ఫరవాలేదు, తెచ్చావు, అదే చాలు."

పేర్చుకున్న ఇంగ్లీషులో యుగంధర్‌కు మొదటి రెండు ముక్కలే మిగిలాయి. "మిస్టర్ కెవనా, నేను..." అన్నాడు.

"నువ్వు ఎలా ఉన్నావు ముందు చెప్పు," అన్నాడు కెవనా. "టెస్టు ఏమైంది? దగ్గు తగ్గిందా?"

ఇదే సమయం. మాస్కు కింద నోరు తెరిచాడు.

"నాకు ఆ రోజు నుంచి సరిగ్గా నిద్ర లేదు," అన్నాడు ముసలాయన. "డెస్‌కి కూడా దగ్గుతోనే మొదలైంది. చిన్న దగ్గేగా అని నేను ఫోన్లో నవ్వాను. నీకు ఇంట్లో చిన్నపిల్ల ఉంది. ఏమైనా అయితే నా డై గొడవలో పడి నువ్వు డాక్టరుకు చూపించుకోలేదేమోనని..."

"నెగెటివ్," అన్నాడు యుగంధర్. "తగ్గిపోయింది."

"దేవుడి దయ," అని కెవనా కళ్ళు మూసుకుని తెరిచాడు. లోపలికి వెళ్ళి ఒక చిన్న రేకు డబ్బా తెచ్చి, యుగంధర్ పెట్టె పక్కనే స్తంభం మీద పెట్టాడు. "ఇవి మావి. పగిలిన దానితో సహా ఉన్నాయి. ఎన్నిస్‌లో వీటిని ఎవరూ చూడరు, నా తర్వాత చెత్తలో వేస్తారు. నీ దగ్గరైతే భద్రంగా ఉంటాయి. నువ్వు వస్తువులను ప్రేమగా చూసుకుంటావు."

మేనకోడలు పిలిచింది. ఆయన చెయ్యి ఊపి కారు వైపు నడిచాడు. కారు మలుపు తిరిగేదాకా యుగంధర్ అక్కడే ఉండి, తర్వాత డబ్బా మూత తీశాడు. అన్నదమ్ములు పట్టుకుని తిప్పీ తిప్పీ డైల మెడ మీద గరుకు గీతలు అరిగిపోయాయి. ఉక్కు నున్నగా, తెల్లగా ఉంది. కంపెనీ పేరులో మొదటి అక్షరాలు తప్ప మిగతావి చెరిగిపోయాయి. ఎక్కడా తుప్పు లేదు.

ఇంటికి వెళ్ళేసరికి ఉజ్వల గుమ్మంలోనే ఉంది. అతని ఒక చేతిలో తీసుకెళ్ళిన పెట్టె, రెండో చేతిలో రేకు డబ్బా చూసింది.

"ఇచ్చినవా?" అంది.

యుగంధర్ రెండూ ఆమె చేతుల్లో పెట్టి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.